వంశధార వర్క్స్ వారి గూడ్సు ఓడలు

గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల,
సీతంపేట దగ్గర,
8 జూలై 2012.

ఒసే భవానీ,

క్షేమంగా చేరాను. కోటబొమ్మాళి ఫోన్ చేసి అమ్మకీ పిన్నికీ చెప్పీ. చుట్టూ కొండలు, జీడితోటలు. బడినిండా ఆడపిల్లలు, లెక్కల టీచర్ని నేనొక్కదాన్నే. సెల్లు మాత్రం ఇక్కడ ఇటుకరాయితో సమానం. సంతరోజు సీతంపేట వెళ్తే సిగ్నలు దొరుకుతుంది గానీ, ఆ జనంలో నిలబడి అంతరిక్ష ఓడల లెక్కలు అరిస్తే కొత్త టీచరుకి పిచ్చి అంటారు. అందుకని ఉత్తరాలు రాసుకుందాం. ఇక్కడికి పోస్టుమేను మాత్రం నమ్మకంగా వస్తాడట.

నెట్ లేని చోటికి ఉద్యోగం వచ్చింది కాబట్టి, మన వంశధార వర్క్స్ ఇకమీదట నీది. నాలుగేళ్లు పట్టింది నాకు ఆ కంపెనీని నిలబెట్టడానికి. నెట్‌లో దేశదేశాల వాళ్లు ఆడే ఆ అంతరిక్షం ఆటలో, అంత పెద్ద ఆకాశంలో, తెలుగు పేరున్న ఓడల కార్ఖానా మనదొక్కటే. ఎనిమిది మందిమి. చిన్నాన్న కూతురివని ఇవ్వటం లేదు, నువ్వు సగంలో వదిలేసే రకం కాదని ఇస్తున్నాను.

నువ్వు ఆరు నెలలుగా మాతో ఆడుతున్నా కాల్పులు తప్ప వేరే పని చెయ్యలేదు. అందుకని మొదట్నుంచి చెప్తాను, విసుక్కోకుండా చదువు.

ప్రతి ఓడకీ ఒక నక్షా, అంటే దాన్ని కట్టే ప్లాను, ఉంటుంది. కొత్తగా కొన్న నక్షాతో ఓడ చేస్తే నూటికి పది పాళ్ల లోహం వృథా పోతుంది. నక్షాని ల్యాబులో పెట్టి మెరుగుపరిస్తే మొదటి దఫాకే ఆ పది అయిదవుతుంది. ఆ తరవాత తగ్గడం నెమ్మదిస్తుంది. మన గూడ్సు ఓడ నక్షాని నేను ఏడాదిపాటు ల్యాబులోనే ఉంచాను. అందరూ నవ్వారు. ఇప్పుడు దాని వృథా ఒక పాలు కూడా లేదు. ఓడకి వంద లోడ్ల లోహం పడుతుంది, ఇంకొకటి పోస్తే నిశ్చింత.

దీనికింత గొడవ ఎందుకంటావేమో. ఓడ ధర పెట్టేది మనం కాదు. వృథా లేకుండా చేసేవాళ్లు ఏ ధరకి అమ్మితే అదే అందరి ధర. వాళ్లకి మిగిలేది నూటికి ఏడో ఎనిమిదో. అలాంటప్పుడు పది పాళ్లు పారబోసేవాడు ఓడ ఓడకీ నష్టపోతాడు. మనం తవ్వుకున్న లోహమే కదా, ఊరికే వచ్చిందే కదా అని మాత్రం అనకు. అందరూ పడే గోతి అదే. ఇంట్లో గింజలు విత్తనానికి వాడితే చిన్నాన్న ఖర్చు లేదంటాడా? ఆ గింజలు అమ్మితే ఎంతొచ్చేదో అంతా ఖర్చే.

లోహం మోసుకొచ్చే భాస్కర్ అనే ఆయన నేను వచ్చేసే ముందే చేరాడు. బొబ్బిలి. అతనితో నేను ఎక్కువ మాట్లాడలేదు. ఓ కన్నేసి ఉంచు.

ఎమ్మెస్సీ పరీక్షలు తప్పావో, కంపెనీ తిరిగి లాక్కుంటాను.

మీ అప్ప,
కుసుమకుమారి.

*

యూనివర్సిటీ లేడీస్ హాస్టలు,
ఎచ్చెర్ల,
22 జూలై 2012.

అప్పా,

నీ ఉత్తరం పట్టుకుని హాస్టలంతా తిరిగీసాను. నాకు ఉత్తరం వచ్చినాదంటే అందరూ లవ్‌లెటరనుకున్నారు. లాక్కుని చదివితే ఏటుంది, అందులో లోహం, నక్షా, నూటికి పది. మొహాలు సూడాలి నువ్వు.

ఇప్పుడు అసలు మాట సెప్తన్నాను, కూకుని చదువు. పోలెండ్ వాళ్ల జట్టు ఒకటి మన దగ్గరికొచ్చింది. నాలుగొందల మంది ఉన్నారట. వాళ్లకి పది గూడ్సు ఓడలు కావాలి, సెప్టెంబరు ఆఖరుకి. తెలుగు అక్షరాల్ని సూసి, ఇదేటి ఈ గుండ్రటి రాత అని అడిగారట. మన ధనరాజన్న వాళ్లకి తనకొచ్చిన ఇంగ్లీషులో అరగంట వంశధార నది గురించి సెప్పీసాడు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేకాడే వాళ్లిల్లు కదా, మరి ఆగుతాడా. పడవ మీదెళ్లి చేపలు పట్టేవోడు ఓడలు కట్టిస్తానంటే వాళ్లకీ నమ్మకం కుదిరినట్టున్నాది. ధర మాటాడుకున్నాం, రాసుకున్నాం. నువ్వు సెప్పిన లెక్క ప్రకారమే వేశాను ధర.

మొదటి ఓడ మొదలెట్టీసాను. నూటొక్క లోడు పోసి మీట నొక్కితే సరుకు చాలదంది. ఎంత చాలదో సెప్పదు కదా అది. ఇంకో అయిదు పోశాను. చాలదంది. అలగ పోసుకుంటా పోతే నూట ఇరవై దాటాక ఒప్పుకుంది. పోన్లే, భాస్కర్ గారు తవ్వినకాణ్ణించి మోసుకొస్తానే ఉన్నారు, లోహానికి కరువు లేదు.

నీకెలాగున్నాది అక్కడ? అన్నం అరుగుతున్నాదా? నాకైతే ఓడ పక్కన మన పేరు సూసుకుంటే ఆకలెయ్యటం లేదు.

నీ చెల్లి,
దుర్గాభవాని.

*

సీతంపేట దగ్గర,
5 ఆగస్టు 2012.

భవానీ,

పది ఓడల ఆర్డరు సంగతి చదివి క్లాసులో చెప్పేశాను. నూటికి ఇన్ని పాళ్లు అనే పాఠం నడుస్తోంది, అందులోకి మీ ఓడని దింపాను. పిల్లలకి పుస్తకంలో లెక్కల కంటే ఇదే నచ్చింది. ఇప్పుడు రోజూ తలుపు దగ్గరే నిలబడి అడుగుతున్నారు, ఓడ ఎంతవరకొచ్చింది టీచర్ అని.

కానీ నీ ఉత్తరంలో రెండో సగం చదివాక నాకు నిద్ర పట్టలేదు. నూట ఇరవై ఏమిటే? అది నా నక్షా. నా చేత్తో ముప్పయికి పైగా ఓడలు చేశాను దాంతో. ఒక్కటీ నూటొక్కటి దాటలేదు. ఓడకి ఇరవై లోడ్లు ఎక్కువైతే మనకి మిగలాల్సిందంతా పోయి, పైన ఎదురు పెట్టుకోవాలి. పది ఓడలూ ఇలాగే చేసి ఇస్తే కార్ఖానా అద్దె కట్టడానికి కూడా మిగలదు. అంతరిక్ష స్టేషనులో మన కార్ఖానా చోటు పోయిందంటే వంశధార వర్క్స్ మూసెయ్యడమే.

నక్షా మారలేదు. నువ్వు పోశానంటున్నావు. మరి గోదాంలోంచి ఎవరో తీస్తున్నట్టే కదా. తాళం నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంది? భాస్కర్ దగ్గర. నేనున్నప్పుడు ఎప్పుడూ రాని తేడా, ఆయనొచ్చాక వచ్చింది. తాళం తీసేసుకో. జట్టులోంచి పంపెయ్యాలని నేనన్నట్టు అందరికీ చెప్పు.

కుసుమకుమారి.

*

ఎచ్చెర్ల,
12 ఆగస్టు 2012.

గౌరవనీయులైన కుసుమకుమారి గారికి దుర్గాభవాని నమస్కరించి వ్రాయునది.

తమరి లేఖ అందినది. తమరు సూచించిన విషయమును జట్టు సభ్యులకు నేను తెలియజేయలేదు. తాళము కూడా తీసుకొనలేదు. మూడు ఓడలు పూర్తి అయినవి. మూడింటికీ నూట ఇరవైకి పైగానే పట్టినది.

భాస్కర్ గారు బొబ్బిలిలో వీణలు తయారుచేయు కుటుంబమునకు చెందినవారు. పగలంతా పనస దుంగ తొలిచి, సాయంత్రము కరెంటు ఉన్నంతసేపు మన కోసము లోహము మోయుచున్నారు. నాకు ఇంటర్నల్ పరీక్షలున్న వారములో నా వంతు కూడా తామే మోసినారు. ముఖము చూడని మనిషిని దొంగ అనుట లెక్కల ఉపాధ్యాయురాలికి తగునా అని తమరే ఆలోచించగలరు.

ఇట్లు,
దుర్గాభవాని.

*

సీతంపేట దగ్గర,
19 ఆగస్టు 2012.

ఒసే గుంటా,

నీ ఉత్తరం చూసి డిప్యూటీ డైరెక్టరు ఆఫీసు నుంచి మెమో అనుకున్నాను. రెండుసార్లు చదివితేగానీ నీకు కోపమొచ్చిందని అర్థం కాలేదు. చిన్నప్పుడు కూడా ఇంతే, కోపమొస్తే నన్ను మీరు అనేదానివి.

ఒక్కమాట అడుగుతాను, దాచకు. ఆ అబ్బాయి నీకు నచ్చాడా? అలాగైతే నేను ఇంకోలా మాట్లాడతాను.

అది పక్కనపెడితే, నువ్వన్నది నిజమే. చూడకుండా అన్నాను. అనుమానాన్ని లెక్కలా రాసేశాను. అతన్ని పంపించొద్దు. కానీ ఇరవై లోడ్లు ఎక్కడికో పోతున్నాయి, అదీ నిజమే. దాన్ని వదిలిపెట్టలేం. ఒక పని చెయ్యి. గోదాంలో సరుకు నువ్వే చూసి రాసుకో. అతను దూరం ట్రిప్పులో ఉన్నప్పుడు, ఇంకెవరూ లోపలికి రాకుండా, నాలుగో ఓడకి నూటొక్కటి పోసి నొక్కు. అప్పుడూ చాలదంటే, తప్పు అతనిది కాదు.

ఉత్తరం ముగించబోతుంటే పిల్లలొచ్చారు. ఓడకి పేరు పెట్టారా అని అడుగుతున్నారు. తాము పెడతారట. నేను సరేనన్నాను.

మీ అప్ప.

*

ఎచ్చెర్ల,
28 ఆగస్టు 2012.

అప్పా,

దొంగ దొరికీసినాది. నేనే.

కంగారు పడకు, సెప్తన్నాను. నువ్వన్నట్టే సేశాను. భాస్కర్ గారు అవతల కొసకి ఖాళీ ఓడేసుకుని వెళ్లారు. గోదాం తలుపు మూసి, నూటొక్క లోడు పోసి నొక్కాను. చాలదంది. సరుకు అక్కడే ఉన్నాది, ఒక్క గుండ కూడా కదల్లేదు. అప్పుడు గొప్ప సంతోషం వేసినాది నాకు. దొంగలేడు కదా. వెంటనే బాధేసింది. దొంగ లేకపోతే మరి ఏటి తినేస్తంది?

కూకుని ఆలోచించాను. నక్షా నీదే. గోదాం నీదే. లోహం అదే. నువ్వు సేసినప్పుడు వంద, నేను సేసినప్పుడు నూట ఇరవై. ఇందులో మారిందేటి? నొక్కిన మనిషి. ధనరాజన్నని పిలిచాను. వేట నుంచొచ్చి వలలు ఆరబెట్టుకుంటన్నాడట, వచ్చాడు. అన్నా, మొదలెట్టక్కర్లేదు, ఊరికే మన నక్షా తెరిచి ఏటంటాదో సూడు అన్నాను. ఆయనకి నూట పది పోస్తేనే సరిపోతాదంది. నేను మళ్లీ తెరిస్తే నూట పదికి చాలదంది. అదే గోదాం, అదే నక్షా.

అప్పుడెళ్లి నియమాలన్నీ చదివాను. వృథా రెండు రకాలటప్పా. ఒకటి నక్షాది, అది నువ్వు తీసీసావు. రెండోది సేసేవాడి చేతిది. ఆటలో మన మనిషికి తయారీ పని రాకపోతే నూటికి పాతిక దాకా పోతాదట. నేర్చుకున్న కొద్దీ తగ్గుతాది. నువ్వు నాలుగేళ్ల కిందటే పూర్తిగా నేర్చీసుకున్నావు కాబట్టి ఆ రెండో వృథా నీకు ఎప్పుడూ కనిపించలేదు. అందుకే నాకు సెప్పలేదు. నాది కాల్పులు నేర్చుకున్న చెయ్యి. కొద్దిగా తయారీ వచ్చు, అంతే.

ఆటలో నా మనిషికి తయారీ నేర్పించడం మొదలెట్టాను గానీ పూర్తయ్యేసరికి నవంబరు. పోలెండ్ వాళ్లకి ఇంకా ఏడు ఓడలివ్వాలి, ఈ నెలాఖరు దాటాక ఒక్క నెలే. ధనరాజన్న సేసినా ఎదురే పెట్టాలి. అంతా నీ చేతిలో ఉన్నాది. సామెతగా అనటంలేదు, నిజంగానే నీ చేతిలో. సరుకు తీసుకునేది మొదలెట్టినప్పుడే కదా. నువ్వొచ్చి ఏడు సార్లు నొక్కితే సాలు, ఆ తరవాత ఓడలు వాటంతటవే తయారవుతాయి. నీ ఖాతాలోకి నేను దూరితే ఆటవాళ్లు కంపెనీనే మూసేస్తారు, కాబట్టి నువ్వే రావాలి.

భాస్కర్ గారి సంగతి అడిగావు. నవ్వొచ్చింది. ఆయన నన్ను సెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యా అంటాను. మంచి మనిషని మంచి మనిషన్నాను, అంతే.

నీ చెల్లి.

*

సీతంపేట దగ్గర,
2 సెప్టెంబరు 2012.

భవానీ,

ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కగది సైన్సు టీచరు వచ్చి ఏమైందని అడిగింది. నా తెలివి నా కళ్లకి అడ్డం పడింది, అంతే అన్నాను. నువ్వు కనిపెట్టిన తీరు చూస్తే కంపెనీ సరైనదానికే ఇచ్చానని గర్వంగా ఉంది.

రెండో శనివారం వస్తాను. హెడ్మిస్ట్రెస్‌ని సెలవు అడిగితే ఎందుకంది. ఏడు గూడ్సు ఓడలు మొదలుపెట్టాలి మేడమ్ అని ఉన్నమాటే చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టేసింది.

శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర జనరేటరున్న నెట్ సెంటరు ఉంది కదా, అక్కడికి పొద్దున్నే వస్తాను. ఏడు ఓడల సరుకు గోదాంలో ఉండాలి. తక్కువైతే నువ్వే ఎత్తుకొచ్చి పోస్తావు.

మీ అప్ప.

*

సీతంపేట దగ్గర,
10 సెప్టెంబరు 2012.

భవానీ,

ప్రాక్టికల్స్ అయ్యాక నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అయిదు ఓడలు మొదలైపోయాయి. అంతకుముందు ఏం జరిగిందని బస్సెక్కేదాకా అడుగుతూనే ఉన్నావు. ఆ జనంలో చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి నెట్ సెంటరులో మూల కంప్యూటరు దగ్గర ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెరమీద మన గోదాం. వెనక నిలబడి చూస్తే లోడు తరవాత లోడు దించుతున్నాడు. వేళ్ల మీద నల్లగా మైనం. వీణ మెట్లకి పెట్టే మైనమని తరవాత చెప్పాడు.

"భాస్కర్ గారా?" అన్నాను.

లేచి నిలబడ్డాడు. "కుసుమకుమారి టీచరు గారు కదండీ. బొబ్బిల్లో కరెంటు కోత. చివరి లోడ్లు మిగిలిపోతాయేమోనని తెల్లారే బస్సెక్కి ఇలా వచ్చీసాను."

నేను కూర్చోలేదు. ముందు చెప్పేయాలనిపించింది. "గోదాంలోంచి లోహం మీరు తీస్తున్నారనుకున్నాను. మిమ్మల్ని పంపించెయ్యమని మా చెల్లికి రాశాను. అది వినలేదు."

ఆయన కుర్చీ లాగి నాకు వేస్తూ అన్నాడు, "నేనూ మీ గురించి ఒకటనుకున్నానండి. ఆ టీచరుగారు తప్పు లెక్క ఇచ్చీసి కొండెక్కీసారు, పాపం ఈ చెల్లెమ్మ మోస్తన్నాదని."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు. నెట్ సెంటరు అబ్బాయి మావైపు తిరిగి చూశాడు.

అప్పుడు కూర్చుని నా ఖాతా తెరిచాను. రెండు నెలల తరవాత ఆటలో నా మనిషి అదే స్టేషనులో, వదిలిన చోటే నిలబడి ఉంది. నూటొక్క లోడు పెట్టి నొక్కాను. తీసుకుంది. గోదాంలో ఎంత మిగిలిందో ఆయన తెరమీద చూసి, "వందేనండి. నూటొకటోది ముట్టుకోలేదు," అన్నాడు. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడో. పని తెలిసినవాళ్లు మంచి పని చూసినప్పుడు అలాగే అంటారేమో.

ఆ తరవాత జనరేటరు ఆగిపోవడం, డీజిలు కోసం ఆయన డబ్బా పట్టుకుని పెట్రోలు బంకుకి వెళ్లడం, ఆఖరి రెండూ నువ్వు పక్కనుండగా మొదలెట్టడం నీకు తెలుసు.

ఇక్కడ పిల్లలకి చెప్తే బల్లలు చరిచారు. ఓడల పేర్లు నల్లబల్ల మీద రాశారు: జీడిపిక్క, అడ్డాకు, చింతపండు, కొండచీపురు, పసుపుకొమ్ము, పనసతొన, అనాస. కొండమీద దొరికే సరుకులన్నీ గూడ్సు ఓడలకి ఎక్కించారు. అవే పెట్టు.

భాస్కర్ గారు క్షేమంగా చేరారా? బొబ్బిలి బస్సు ఆలస్యమని అన్నారు. ఊరికే అడిగాను.

మీ అప్ప.

*

ఎచ్చెర్ల,
30 సెప్టెంబరు 2012.

అప్పా,

ఏడు ఓడలూ అప్పగించీసాం. నిన్న సాయంత్రం పోలెండ్ వాళ్లు నలభై మంది దాకా వచ్చి మన స్టేషను బయట బారులు తీరారు. హాస్టల్లో నా గదినిండా జనమే, మంచం మీద, కిటికీలో, ఎక్కడపడితే అక్కడ. జీడిపిక్క ముందు బయటికొచ్చింది. అంత పెద్ద ఓడ, మెల్లగా, నల్లటి ఆకాశంలోకి, పక్కన తెలుగులో దాని పేరు. మా మెస్ వంటామె గున్నమ్మ గరిటె పట్టుకునే వచ్చి సూసి, "ఇది మనోళ్లదేనేటమ్మా?" అని అడిగింది. మనదే అన్నాను. తరవాత అడ్డాకు, చింతపండు. ఒక్కొక్కటి వస్తంటే అందరూ పేరు పైకి చదివారు. పోలెండ్ వాళ్లు కూడా పలకడానికి సూశారు, అనాస మటుకు వచ్చినాది వాళ్లకి, వాళ్ల భాషలో కూడా అది అనానసేనట.

మొదటి మూడింటిలో పోయిందంతా ఈ ఏడూ పూడ్చీసాయి. పైన కాస్త మిగిలింది కూడా. కార్ఖానా చోటు ఏడాదికి మనదే. వాళ్లు ఇంకో పది అడుగుతన్నారు. నవంబరు తరవాతే అన్నాను, నా చెయ్యి కుదిరాక. ఆగుతామన్నారు. ఈసారి నేనే నొక్కుతాను, నూటొక్కటికే.

ఇంకో సంగతి ఉన్నాది. ఎలాగ సెప్పాలో తెలీక ఇంతసేపు ఓడల గురించి రాశాను.

భాస్కరన్నయ్య నిన్న ఓడలన్నీ వెళ్లాక కూడా ఆటలో చాట్ దగ్గరే ఉండిపోయారు. ఏదో మాటాడుతున్నారు, మళ్లీ ఆగిపోతన్నారు. వీణ ఒకటి పూర్తయిందట, దసరాకి ఎవరో తీసుకెళ్తారట, దాని సంగతి సెప్పారు. సీతంపేటలో చలి మొదలైందా అని అడిగారు. సెప్టెంబర్లో చలేటి అన్నయ్యా అన్నాను. ఆఖరికి అడిగారు. మీ అప్పగారికి ఉత్తరం రాస్తే కోప్పడతారా సెల్లెమ్మా, కోప్పడరంటే అడ్రసు ఇస్తావా అని.

నేను నిన్ను అడిగి సెప్తానన్నాను. ఊరికే అడిగానని నువ్వు రాసిన దగ్గర్నుంచి నాకు అనుమానంగానే ఉన్నాది గానీ, సూడకుండా లెక్క కట్టకూడదని నువ్వే నేర్పావు కదా. అందుకే అడుగుతన్నాను. ఇవ్వమంటావా?

నీ చెల్లి,
దుర్గాభవాని.

*

సీతంపేట దగ్గర,
7 అక్టోబరు 2012.

భవానీ,

ఇవ్వు. పిన్‌కోడు తప్పు రాయకు.

కుసుమ.